ఏ పెడళ్లు మేలు?

సైకిలుపై మన పాఠశాలకు వచ్చు విద్యార్థులు కొందరు నన్నొక ప్రశ్న అడిగిరి. "మాష్టారూ! ప్రతిదినము బడికి వచ్చుటకును, సెలవునాడు నందిదుర్గమునకు పోవుటకును మాకున్నది ఒకే సైకిలు. దానికెట్టి పెడళ్లు బిగింపవలెను?" ప్రశ్న చిన్నదే. కాని కాలి క్షేమము, తండ్రి కష్టార్జితము రెండును ఇందు ఇమిడియున్నవి.

పెడళ్లు ముఖ్యముగా మూడు విధములు. బల్లపరుపుగా నుండి ఇరువైపుల తొక్కదగినవి మొదటివి. మునిపాదమును పట్టీతో బంధించునవి రెండవవి. ప్రత్యేకపు బూటు అడుగున గల బిళ్లను కొక్కెమువలె పట్టియుంచునవి మూడవవి. 1985లో ఫ్రెంచి వీరుడు బెర్నార్ ఈనో ఈ మూడవ విధపు పెడళ్లతో 'టూర్ ద ఫ్రాన్స్' పందెము గెలిచెను. పిమ్మట పందెములలో పట్టీలు క్రమముగా మూలబడినవి.

కొక్కెపు పెడలుపై పాదము జారదనుట నిజమే. కాని మడమను ప్రక్కకు త్రిప్పిననే గాని అది విడివడదు. హెబ్బాళ కూడలిలో ముందున్న బస్సు హఠాత్తుగా నిలిచినచో, అలవాటులేని బాలుడు కాలు దింపలేక సైకిలుతో సహా ఒరిగిపోవును. ప్రక్కన వచ్చునది లారీ కావచ్చును!

నందిదుర్గము నగరమునకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 1,478 మీటర్ల యెత్తున నున్నది. అంతదూరము పోవుటకు కొక్కెము తప్పదని కొందరందురు. నేనంగీకరింపను. సీటు తగిన యెత్తున నుండి, పాదపు నడిమి భాగముతో గాక వ్రేళ్ల మొదటనున్న వెడల్పు భాగముతో తొక్కినచో, బల్లపరుపు పెడళ్లే చాలును. ఒకవైపు బల్లపరుపును, మరియొకవైపు కొక్కెమును గల పెడళ్లును కలవు. వానికి సైతము వేరు బూట్లు కొనవలెను గదా!

అట్లని నున్నని ప్లాస్టిక్కు పెడళ్లు వలదు. గత వానకాలమున మన బాలుడొకడు అట్టి పెడలుపై కాలు జారి ముంగాలు చీల్చుకొనెను. వెడల్పై, తడిబూటునైనను పట్టు చిన్న మొనలు గలవే కొనుడు. బిగించునపుడు మరలను గమనింపుడు: కుడి పెడలు గడియారపు ముల్లు తిరుగు దిక్కున బిగియును, ఎడమది అందుకు విరుద్ధముగా బిగియును. ఇది తెలియక బలవంతపెట్టినచో మర చెడును.

పాఠశాలవారికి నాదొక మనవి. సైకిళ్ల షెడ్డులో ఒక 15 మిల్లీమీటర్ల స్పానరును ఉంచుడు. నెలకొకమారు ప్రతి విద్యార్థియు తన పెడళ్లను తానే బిగించుకొనును గాక!