మిరుగం అదును

మిరుగం నాడు హైదరాబాద్‌లో లక్డీకాపూల్ నుంచీ ఆబిడ్స్ నుంచీ జనమంతా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం దారి పడతారు. బత్తిని కుటుంబం ఇచ్చే చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడి రాష్ట్రాల ఉబ్బసం రోగులో అక్కడ బారులు తీరతారు. ఆ మందు పనిచేస్తుందా లేదా అన్న వివాదం పాతది, దాన్ని ఇక్కడ తవ్వబోవడం లేదు. మా దృష్టి ఆ రోజు మీద. మిరుగమంటే సూర్యుడు మృగశిర నక్షత్రంలోకి వచ్చే రోజు, జూన్ 7 లేదా 8. తెలంగాణలో ఆ పూట ఇంటింటా చేపల కూర ఉడుకుతుంది. చేపలు తినని వాళ్లు ఇంగువ కలిపిన బెల్లం నోట్లో వేసుకుంటారు. రోహిణి ఎండలకు రోళ్లు పగిలాక తొలకరికి ఊరు చల్లబడుతుంది, అప్పుడు ఒంట్లో వేడి నిలవాలన్నది ఆ అలవాటు వెనుక ఉన్న ఆలోచన. తిండికీ, విత్తుకూ, వైద్యానికీ కలిపి ఒకే ముహూర్తం పెట్టింది వాన. ఆ వాన రాకపోయినా, వచ్చి రెండు రోజులు కురిసి మూడు వారాలు మొహం చాటేసినా, చేతిలో మిగిలేది తేదీ ఒక్కటే.

సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలాన్ని కార్తె అంటారు. ఈ కార్తెల లెక్కే మూఢమని, నక్షత్రానికీ వానకూ పొత్తు లేదని అనేవారున్నారు. నక్షత్రం వానను తేదన్న మాట నిజమే. అంతకంటే గట్టి చిక్కు ఇంకొకటి ఉంది. నక్షత్రాల సంవత్సరం రుతువుల సంవత్సరం కంటే సుమారు 20 నిమిషాలు పొడవు. అందువల్ల దాదాపు 70 ఏళ్లకోసారి కార్తె రుతువు కంటే ఒక రోజు వెనకబడుతుంది. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో వాన లక్షణాలు రాసిన నాటి నుంచి ఇప్పటికి 20 రోజుల తేడా వచ్చింది. ఆ నాటి సూత్రాన్ని ఉన్నదున్నట్టు పట్టుకుని ఉంటే మన రైతు ఎప్పుడో మునిగిపోయేవాడు. మునగలేదంటే తరతరాలుగా ఎవరో దాన్ని సరిదిద్దుతూ వచ్చారనే అర్థం. ఆ దిద్దుబాటు ఎలా జరిగిందో సేద్యంలోని రెండు మాటలు చెబుతాయి: అదును, పదును. కార్తె చెప్పేది అదును, అంటే విత్తే వేళ మాత్రమే. పదును, అంటే విత్తడానికి తగిన తడి, ఉందో లేదో మన్ను పిడికిట పట్టి చూసినవాడికే తెలుస్తుంది. ఈ రెండూ కలిసినప్పుడే గింజ పడేది. 27 కార్తెల చట్రం, ఒక్కోటి 13, 14 రోజులు, ఊరంతా కలిసి ఆ పరీక్ష జరుపుకోవడానికి ఏర్పరచుకున్న ఉమ్మడి భాష.

వాతావరణ మార్పు దెబ్బ తీస్తున్నది ఈ దిద్దుబాటునే. 70 ఏళ్లకు ఒక రోజు జరిగితే తాత గమనించింది మనవడికి అందుతుంది. పదేళ్లలోనే వాన నడక మారిపోతే అందించే వ్యవధి ఎక్కడిది? 2023 జూలైలో, పుష్యమి కార్తెలో, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 64 సెంటీమీటర్లకు పైగా కురిసింది. హైదరాబాద్‌లో ఏడాది పొడవునా పడేది సుమారు 80. ఒక్క వానను చూపి భూతాపం అనరాదని, 1908 సెప్టెంబరు 28న మూసీ ఈ నగరాన్ని ముంచలేదా అని అడగవచ్చు. ఒక్క వాన రుజువు కాదు, ఒప్పుకుంటాం. కానీ గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు, కుండపోతలు పెరగడానికి ఆ ఒక్క కారణం చాలు. పైగా 1908 తర్వాత ఈ నగరానికి గడువు దొరికింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టుకోగలిగింది. వాతావరణ శాఖ కూడా 2020లో తన తేదీలు దిద్దుకుంది: రుతుపవనాలు జైసల్మేర్ నుంచి వెనుదిరిగే సాధారణ తేదీని సెప్టెంబరు 1 నుంచి 17కు మార్చింది. ఆ శాఖ దగ్గర దశాబ్దాల రికార్డులున్నాయి. రైతు రికార్డు మాత్రం ముసలివాళ్ల నోట్లో ఉంది.

ఫోన్‌లోనే వాన కబురు వస్తుంటే ఇదంతా ఎందుకన్న ప్రశ్న తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఆ కబురు ప్రాణాలు కాపాడుతోంది. కానీ వాన వారం ఆలస్యమైతే ఏ గింజ మానాలో, ఏది కలిపి చల్లాలో అది చెప్పదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళా రైతులకు ఆ సంగతి తెలుసు. జొన్న, కంది, కొర్ర, సజ్జ, అనుములు ఒకే చేలో కలిపి వేస్తారు. ఒకటి ఎండినా ఇంకొకటి నిలుస్తుంది. ఏటా సంక్రాంతి వేళ మొదలయ్యే పాత పంటల జాతరలో ఆ విత్తనాలు ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతాయి. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. వారసత్వమంటే మాకు గుర్తొచ్చేది ఆ బండ్లే. లక్డీకాపూల్‌కు దగ్గరలోనే, మాసాబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం ఉంది. పనిముట్లను అద్దాల వెనుక భద్రం చేయవచ్చు, పదును చూసే చేతిని చేయలేం.

రాష్ట్రంలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు రోజూ వాన కొలుస్తున్నాయి. ఆ అంకెలను కార్తెల వారీగా కూర్చి, ప్రతి ఊరి రచ్చబండ దగ్గర పెద్దల ముందు చదవాలి. మృగశిరలో ఇంతే కురిసింది, ఆరుద్రలో ఇంత, అప్పుడు మీరు ఏ గింజ మార్చారు, ఎందుకు మార్చారు అని అడిగి, ఆ ఆడవాళ్లూ మగవాళ్లూ చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకోవాలి. ఈ పని వచ్చే మిరుగానికే మొదలుపెట్టవచ్చు.