చెరువు చోటు చెరువుకే

వరదను నది చేసిన నేరంగా భావించడం పరిపాటి. నిజానికి నది తన భూమిలోకే వస్తుంది. హద్దు దాటినవాడు మనిషి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదులో వేలాది ప్రాణాలను బలిగొన్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ నిర్మితమయ్యాయి. అయితే అవి ఎగువన కురిసిన వానను మాత్రమే ఆపగలవు. వారాసిగూడ, తార్నాకలలో కురిసిన వాన ఎక్కడికి పోవాలి? ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలోని మట్టినేల కొంత నీటిని ఇముడ్చుకుంటుంది. సిమెంటు వీధి ఇంకనివ్వదు. ఆ నీటిని నిలుపవలసినవి కుంటలు, చెరువులే. అవి కుంచించుకుపోయినచోట 2020 అక్టోబరు వానలకు కాలనీలు మునిగాయి.

పూడిన కుంట తిరిగి బ్రతకదనుకోవడం పొరపాటు. విశ్వవిద్యాలయానికి సమీపాన, బాగ్ అంబర్‌పేటలో చెత్తతోను పొదలతోను నిండిన బతుకమ్మకుంట 2025లో మళ్లీ జలకళ సంతరించుకున్నది. అయితే ఒకప్పుడు పద్నాలుగు ఎకరాలున్న ఆ కుంటకు దక్కినది సుమారు ఐదెకరాలే.

చెరువు భూమిలో ఇల్లు కట్టుకున్న పేదవానికి ముందుగా వేరొకచోట నీడ చూపడం న్యాయం. ఆ న్యాయాన్ని పాటిస్తూనే, మిగిలిన ప్రతి కుంటకూ హద్దులు నేడే నిర్ణయించాలి. ఆలస్యమైనకొద్దీ తిరిగి దక్కే నేల తగ్గిపోతుంది.