తేదీ ఎవరిని అడిగి ఇచ్చారు?

కొంచెం పొడవైన పోస్టు. కోపం వచ్చినా చివరిదాకా చదవండి.

మొన్న పొంగల్‌కు విరుదునగర్ సమావేశంలో, కొత్తగా ప్రాజెక్ట్ మేనేజర్ అయిన మన అబ్బాయికి శాలువా కప్పాం. మూడు నెలల పనిని ఆరు వారాల్లో ముగించి క్లయింటు చేత శభాష్ అనిపించుకున్నానని మైకులో చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. భోజనాల దగ్గర కోవిల్‌పట్టి వైపు అమ్మాయి ఒకతె, అలాంటి టీములోనే టెస్టింగ్ చేసి ఉద్యోగం మానేసిన పిల్ల, మమ్మల్ని అడిగింది: "పెద్దనాయనా, ఆ ఆరు వారాలు రాత్రుళ్ళు మేలుకున్నది ఎవరో అడిగారా?"

అడగలేదు. అందుకే ఈ పోస్టు.

పని చేసేవాళ్ళను అడగకుండా క్లయింటుకు తేదీ ఇచ్చేవాడు ఇంకొకరి నిద్రను తాకట్టు పెడుతున్నాడు. శాలువా కప్పిన మేమూ ఆ తాకట్టుకు సాక్షి సంతకం పెట్టినవాళ్ళమే.

ఇది మనకు కొత్తా? గ్రోసు అంటే 144 అగ్గిపెట్టెలు. ఏజెంటు ఇన్ని గ్రోసులని ఒప్పుకొని వచ్చేవాడు. లెక్క తేలకపోతే ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు దీపం దగ్గర కూర్చొని అంటించాల్సి వచ్చేది. బాలకార్మిక చట్టం 1986లో వచ్చింది. దానికి ముందూ వెనకా మన కరిసల్ పల్లెల్లో ఎన్ని చిన్న వేళ్ళు జిగురులో నానాయో పెద్దవాళ్ళకు తెలుసు. ఆ ఇళ్ళ పిల్లలే ఇప్పుడు ఏసీ గదిలో ఏజెంటు అవతారం ఎత్తితే ఎట్లా?

కొత్త మేనేజర్లూ, లెక్కలు మాకంటే మీకే బాగా వస్తాయి. అయినా వినండి. తేదీ చెప్పే ముందు కోడ్ రాసేవాళ్ళనూ టెస్ట్ చేసేవాళ్ళనూ విడివిడిగా అడగండి. సీనియర్ ముందు అడిగితే జూనియర్ తలాడిస్తాడు, అంతే. పండగలు, సెలవులు, జ్వరాలు కలుపుకోండి. క్లయింటు నడుమ కొత్త కోరిక కోరితే ఆ రోజే కొత్త తేదీతో మెయిల్ పెట్టండి. ఆలస్యం కనబడగానే చెప్పండి. వానాధార సేద్యం చేసే రైతు ఐప్పసి వాన రాలేదన్న సంగతి కార్తిగ దాకా దాచుకుంటాడా?

ఆలస్యమైన ప్రాజెక్టులో ఇంకో నలుగురిని తెచ్చి పోస్తే ఇంకా ఆలస్యమవుతుందని, ఐబీఎంలో పెద్ద పని నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాశాడు. కొత్తవాళ్ళకు నేర్పేది పాతవాళ్ళే కదా, వాళ్ళ పని ఆగుతుంది. మన కోవిల్‌పట్టి కడలమిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ బాణలి దగ్గర నలుగురు చేరినంత మాత్రాన బెల్లం పాకం త్వరగా ముదరదు, గరిటెలే తగులుకుంటాయి.

"మీకేం తెలుసు, తేదీ పైనుంచే వస్తుంది" అంటారు. నిజమే, చాలాసార్లు వస్తుంది. అప్పుడు ఆ తేదీకి ఏ పని అవుతుందో, ఏది మిగులుతుందో రాసి పైకి పంపండి. కోస్తే పనిని కోయండి, మనుషుల నిద్రను కోయకండి. పైవాడికి ఆ మాట చెప్పడానికే మీకు జీతం పెంచింది.

కార్యవర్గానికి మా ప్రతిపాదన: ఇక మీదట శాలువా కప్పే ముందు ఆ టీములో ఎందరు మిగిలారో, ఎందరు మానేశారో అడగాలి. వచ్చే సమావేశంలో మొదట ఆ అమ్మాయికి మైకు ఇవ్వాలి. కాదనేవాళ్ళు ఎందుకో ఇక్కడే రాయండి.