ఈ నెల మాట: పరపతి

తెలుగులో పరపతి అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి పలుకుబడి, అంటే నలుగురిలో ఉండే పేరు. "ఆయనకు ఊళ్లో మంచి పరపతి ఉంది" అంటాం. రెండోది అప్పు. ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో రైతులకు అప్పులిచ్చే సహకార సంఘం బోర్డు చూడండి, "ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం" అని ఉంటుంది. ఇంట్లో విని తెలుగు నేర్చుకున్న మీలో చాలామందికి ఈ రెండో అర్థం తెలిసి ఉండదు. ఆన్‌లైన్ ఎంబీఏ చేద్దామనుకునేవాళ్లకు మాత్రం రెండూ ఒకేసారి ఎదురవుతాయి. పేరున్న యూనివర్సిటీ కావాలంటే అప్పు చేయాలి. అప్పు వద్దంటే పేరు తగ్గుతుందేమోనని బెంగ.

మీరు ఖతార్‌లోని దుఖాన్‌లో పనిచేస్తున్నారనుకోండి. దోహాకు పడమట సుమారు 80 కిలోమీటర్ల దూరం. ఒక పక్క సముద్రం, మిగతా పక్కల ఎడారి, చమురు బావులు. ఆ దేశంలో చమురు మొదట బయటపడింది అక్కడే, రెండో ప్రపంచ యుద్ధం మొదలైన రోజుల్లో. డ్యూటీ దిగి దోహాలో క్లాసుకు వెళ్లాలంటే రానూపోనూ 160 కిలోమీటర్లు. షిఫ్టుల మనిషికి అది అయ్యే పని కాదు. అందుకే అక్కడ ఆన్‌లైన్ చదువు సోకు కాదు, అవసరం.

ధరలు చూస్తే కళ్లు తిరుగుతాయి. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ ఎంబీఏ లక్ష డాలర్లు దాటుతుంది. అదే దేశంలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 2016లో మొదలుపెట్టినప్పుడు సుమారు 22,000 డాలర్లకే ఇచ్చింది. రెండూ పేరున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే! డాలరుకు 3.64 రియాళ్ల లెక్కన ఒకటి మూడున్నర లక్షల రియాళ్ల పైమాట, ఇంకొకటి 80,000. ఇక భారతదేశపు ఇగ్నో ఎంబీఏ లక్ష రూపాయల లోపే అయిపోతుంది.

"చవక చదువు, దూరవిద్య, ఎవరు లెక్కచేస్తారు?" అనే మాట మనవాళ్లలో ఇంకా వినిపిస్తుంది. నాకు ఆ మాట నచ్చదు. భారతదేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది హైదరాబాదులోనే, 1982లో. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. దాన్ని మొదట నడిపిన ఆచార్య జి. రామ్‌రెడ్డి గారే 1985లో ఇగ్నోకు తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. దక్షిణాఫ్రికా పాఠకులకు యూనిసా గురించి నేను చెప్పక్కర్లేదు. నెల్సన్ మండేలా జైల్లో ఉండగానే 1989లో అక్కడి నుంచి లా డిగ్రీ తీసుకున్నారు.

అయితే పేరు అక్కర్లేదని నేననడం లేదు. ఆ పేరు ఎవరి దగ్గర చెల్లాలి అన్నదే అసలు ప్రశ్న. మీ కంపెనీలో ప్రమోషన్ కోసమైతే, ముందు హెచ్‌ఆర్ వాళ్లను అడగండి. వాళ్లకు డిగ్రీ ఉందా లేదా అన్నదే ముఖ్యమైతే, లక్ష డాలర్ల పేరుకు అక్కడ విలువ లేదు. ఖతార్‌లో విదేశీ డిగ్రీకి సమానత్వ పత్రం కావాలంటే అక్కడి విద్యా మంత్రిత్వ శాఖ దగ్గరికి వెళ్లాలి. భారతదేశంలో యూజీసీ గుర్తించిన ఆన్‌లైన్ డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమే. కానీ ఆ మాట ఖతార్‌ను కట్టిపడేయదు. అందుకని ఫీజు కట్టకముందే అక్కడ కనుక్కోవాలి, కట్టాక కాదు. నాలుగేళ్లలో పోర్ట్ లూయీకో డర్బన్‌కో తిరిగి వెళ్లిపోయే ఆలోచన ఉంటే, అక్కడ ఉద్యోగాలిచ్చేవాళ్లకు ఏ పేరు తెలుసో చూడండి. అమెరికాలో మోగే పేరు మీ ఊళ్లో ఎవరూ విని ఉండకపోవచ్చు.

ఇక రెండో పరపతి. 2020 నుంచి ఖతార్‌లో యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారవచ్చు. అంతకుముందు అలా కుదిరేది కాదు, కాబట్టి కొత్త డిగ్రీకి ఇప్పుడు నిజంగా విలువ పెరిగింది. కానీ వీసా ఇంకా ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. ఉద్యోగం పోయినా బ్యాంకు అప్పు పోదు. అప్పు తీర్చకపోతే కేసు పడి, దేశం దాటకుండా ఆపే ప్రమాదం ఉంది. మన తాతముత్తాతలు వేలిముద్ర వేసింది అయిదేళ్ల ఒప్పందం మీద. ఫిజీలో దాన్నే గిర్మిట్ అన్నారు. మనం ఇష్టపడి చేసే సంతకాన్ని దానితో పోల్చడం సబబు కాదు. అయినా ఎన్నేళ్లు కట్టుబడాలి అన్న ప్రశ్న మాత్రం ఇప్పుడూ అడగాల్సిందే.

అప్పు చేయాల్సి వస్తే, ఉద్యోగం రేపే పోయినా చేతిలో ఉన్న డబ్బుతో తీర్చగలిగినంత వరకే చేయమంటాను. ఒక్కో సబ్జెక్టుకు విడిగా ఫీజు కట్టనిచ్చే కోర్సులు కూడా ఉన్నాయి. చేతిలో ఉన్నంత కట్టి, ఆగి, మళ్లీ చదవవచ్చు. కంపెనీయే ఫీజు భరిస్తానంటే మటుకు, పెద్ద పేరున్నదే ఎంచుకోండి, మొహమాటపడకండి. కాకపోతే సంతకం చేసే ముందు బాండు కాగితం మొత్తం చదవండి. చదువయ్యాక ఎన్నేళ్లు అక్కడే పనిచేయాలి, మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలి అన్న రెండు సంగతులూ సాధారణంగా చివరి పేజీల్లో ఉంటాయి.