నక్షా గీయకముందే అడగండి

2022 నవంబరులో హైదరాబాద్‌లోని నిజాం కాలేజీ డిగ్రీ విద్యార్థినులు ఆందోళనకు దిగారు. కొత్తగా కట్టిన హాస్టల్ తమకు కాకుండా పీజీ వాళ్లకు కేటాయించడమే కారణం. ముందు సగం ఇస్తామన్నారు, చివరికి మొత్తం డిగ్రీ వారికే వదిలారు. వాళ్లు గెలిచారు, సంతోషం. మరి పీజీ అమ్మాయిల మాటేమిటి? భవనం ఎవరికన్నది గృహప్రవేశం నాడు తేల్చుకునే సంగతా?

సంగారెడ్డి జిల్లాకు ఇది దూరపు గొడవ కాదు. కంది ఐఐటీ గానీ సుల్తాన్‌పూర్ జేఎన్‌టీయూ కాలేజీ గానీ నగరానికి ఎడంగా ఉన్నవే. క్యాంపస్‌లో గది లేనివారు సంగారెడ్డిలోనో పటాన్‌చెరులోనో వెతుక్కోవాలి. అక్కడ షిఫ్టు కార్మికులు నలుగురైదుగురు కలిసి ఒక్క గది అద్దె పంచుకుంటారు. ఇంటి ఓనరుకు ఒంటరి పరిశోధకుడి కన్నా ఆ బేరమే లాభం. పరిశోధకులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు 37,000 రూపాయలైంది, నిజమే. కానీ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలామంది పరిశోధకులకు ఏ ఫెలోషిప్పూ లేదు.

పీహెచ్‌డీ చేసేవారిలో ముప్పై దాటినవారు, పెళ్లయినవారు, చంటిపిల్లల తల్లులు ఉంటారు. మూడేసి మంచాల గది, రాత్రి పదికి పడే గేటు తాళం వారికి కుదరవు. ఓ చిన్న వంటగట్టు, ల్యాబ్ నుంచి అర్ధరాత్రి వచ్చేందుకు దీపాలున్న దారి కావాలి. ఇవి ఇంజినీరుకు తట్టవు, ఉండేవారికే తెలుస్తాయి. విద్యార్థులను మెస్ కమిటీలో కూర్చోబెట్టి పప్పులో ఉప్పు చూడమనడం మనకు అలవాటే. బిల్డింగ్ కమిటీలోనూ ఇద్దరు పరిశోధకులకు కుర్చీ వేయాలి, అదీ టెండరు పిలవకముందే. నెల అద్దె ఎంతన్నది కూడా ఆ బల్ల మీదే తేలాలి.