నివురుగప్పిన నిప్పు



కోరుట్లలోనూ, సిరిసిల్లలోనూ, జగిత్యాల పల్లెల్లోనూ అమ్మలు ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టటం మీరు చూచే ఉంటారు. ఆ బీడీకి చుట్టేది తునికాకు. ఎండాకాలంలో పల్లెవాళ్లు తెల్లవారకముందే అడవికి పోయి కోసి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లంలో ఆరబెడతారు. ఈ ఆకుకూ అడవిలో రేగే చిచ్చుకూ సంబంధం ఉన్నది. అదేమిటో చెబుతాను, వినండి.

మనవి ఆకు రాల్చే అడవులు. ఫాల్గుణం వచ్చేసరికి టేకు మొదలైన చెట్ల ఆకులు రాలి, నేలంతా కప్పివేస్తవి. చిగురు బాగా వస్తుందని కొందరు తునికి పొదలకు నిప్పు పెడతారు. ఇప్పపూలు ఏరటం సులువవుతుందని మరికొందరు చెట్టు కింది ఆకులను కాలుస్తారు. పారవేసిన బీడీ ముక్క అయినా చాలు. కనుక మన అడవిలో చిచ్చు చాలావరకు మనిషి చేతినుంచే పుడుతుంది.

నేను బడిలో పనిచేసే రోజుల్లో, ఒక వేసవిలో, కొండగట్టు దాపున మంట లేచింది. నలుగురు రైతులూ నేనూ పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పి, గర్వంగా ఇంటికి వచ్చాం. మర్నాడు మధ్యాహ్నం గాలి వీచింది. ఒక ఎండు మొద్దులో రాత్రంతా రాజుకుంటూ ఉన్న నిప్పు మళ్లీ అంటుకున్నది. గుట్ట ఒక పక్కంతా కాలిపోయింది. పైన బూడిద చూచి నిప్పు ఆరిందనుకోవటం నా పొరపాటు.

మొద్దు సంగతే ఇట్లా ఉంటే, నేలే కాలితే ఏమవుతుంది? ఇండోనేషియాలో పీట్ నేలలున్నవి. చచ్చిన మొక్కలు నీళ్లలో మునిగి, గాలి తగలక, పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకోగా ఏర్పడిన నేలలవి. తడిగా ఉన్నంతకాలం వాటికి భయం లేదు. సాగు కోసం కాలవలు తవ్వి నీరు దింపేసరికి అవి ఎండినవి. నిప్పు పడితే, ఊక కుప్పలో మాదిరిగా, లోలోపల వారాల తరబడి రాజుతుంది. 2015లో ఆ దేశంలో 26 లక్షల హెక్టార్లు కాలినట్లు ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. పొగ సింగపూరు దాకా కమ్మింది. ఆ పైన 2016లో ప్రభుత్వం ఈ నేలల కోసం ఒక సంస్థను పెట్టింది. ఊళ్లవాళ్లు కాలవలకు అడ్డుకట్టలు వేసి, నేలను మళ్లీ తడిపే పనికి పూనుకున్నారు.

మన పల్లెలకూ అడవి కాపలాలో భాగమిస్తూ 1992లో వన సంరక్షణ సమితులు మొదలైనవి. వేసవికి ముందే ఆకులు ఊడ్చి అడవిలో వెడల్పు బాట తీస్తే, మంట అక్కడికి వచ్చి, తినటానికేమీ లేక ఆగిపోతుంది. తునికికి నిప్పు అక్కరలేదు. పొదను అదనులో నరికితే లేత ఆకు వస్తుంది. ఇప్పచెట్టు కింద ఊడ్చి, పాతచీర పరిస్తే పూలన్నీ దానిమీదనే రాలుతవి.

ఈనాడు ఉపగ్రహం ఆకాశంనుంచి మంటను చూచి, అటవీశాఖకు కబురు అందిస్తున్నది. కాని మొద్దులో దాగిన నిప్పును చూడగలిగేది దగ్గర నిలబడ్డ మనిషే!

మీకు పొగ కనిపిస్తే ఒంటరిగా పోవద్దు. పెద్దలను పిలవండి. వాళ్లు ఆర్పి వచ్చిన తరువాత ఒక్కమాట చెప్పండి: “రేపు మళ్లీ వెళ్లి చూడండి.” ఆనాడు ఆ మాట నాకు చెప్పేవాళ్లు లేకపోయారు.