మెరుపు గుర్తు చెబుతూనే ఉంది, మనమే వినలేదు



ఈసారి పోస్టు కొంచెం పొడుగు. ఓపికతో చివరిదాకా చదవమని మనవి.

మన గ్రంథాలయం గదిలో మూలకున్న చిన్న కంప్యూటర్ గురించి మూడు నెలలుగా గ్రూపులో నడిచిన మాటలు అందరికీ గుర్తే. "ఆ బొమ్మ కంప్యూటర్ పనికిరాదు" అన్నాం. "పిల్లలకు అప్పజెప్తే ఇట్లనే ఉంటది" అన్నాం. "మన పూర్వ భాగ్‌లో కరెంటే అంత" అని కూడా అన్నాం. ఇది రాస్తున్న గ్రంథాలయ కమిటీ వాళ్లం మేమూ అన్నాం. ఇప్పుడు సంగతి తేలింది. తప్పు మాదే. ఆ యంత్రానికి మేము ఇచ్చిన కరెంటు చాలలేదు. ఆ చాలని కరెంటు వల్ల ఒక పెద్దమ్మ గొంతు పోగొట్టుకున్నాం. అందుకే ఈ పోస్టు.

కొత్త సభ్యుల కోసం ముందు సంగతి చెప్తాం. ఆ బోర్డు పేరు రాస్ప్‌బెర్రీ పై 4. అరచేతిలో పట్టేంత ఉంటుంది, కానీ పూర్తి కంప్యూటరే. ఒక సభ్యుడు విరాళంగా ఇచ్చాడు. ఇంజనీరింగ్ చదివే మన పిల్లలు ఇద్దరు దాన్ని సిద్ధం చేశారు. పని ఒక్కటే. మన తాతలు తెలంగాణ జిల్లాల నుంచి మగ్గం పనికి షోలాపూర్ వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్న పాటలు, సామెతలు, పెండ్లి మాటలు, బతుకమ్మ పాటలు ఇప్పటి పెద్దల నోట రికార్డు చేసి దాచడం. మన పిల్లలు మరాఠీలోనో ఇంగ్లీషులోనో చదువుకుంటున్నారు. చాలామందికి తెలుగు అక్షరం రాదు, కానీ చెవికి తెలుగు వస్తుంది. వాళ్లకు పుస్తకం కంటే గొంతే దగ్గర. అందుకే ఆ బోర్డుకు ఒక మైకు, ఒక కీబోర్డు, ఒక మౌసు, రెండు టెరాబైట్ల హార్డ్ డిస్కు తగిలించాం. నాలుగూ యూఎస్‌బీ మీదే.

మొదటి రోజు నుంచే తంటా. డిస్కు పెట్టకపోతే అంతా బాగుండేది. డిస్కు పెట్టగానే కీబోర్డు పనిచేయడం మానేది. ఒక్కోసారి డిస్కు లోపల టిక్కు టిక్కుమని చప్పుడు చేసి, తెర మీద నుంచి మాయమై, మళ్లీ వచ్చేది. ఒక్కోసారి కంప్యూటరే ఆగి మొదటి నుంచి మొదలయ్యేది. మేమేం చేశాం? మెమరీ కార్డు చెడిందని కొత్తది కొన్నాం. సాఫ్ట్‌వేర్ మొత్తం తీసి రెండుసార్లు కొత్తగా ఎక్కించాం. డిస్కు చెడిందని దుకాణానికి తీసుకెళ్తే, వాళ్ల కంప్యూటర్‌లో అది చక్కగా పనిచేసింది. చివరికి పిల్లలకు పని రాదన్నాం. వాళ్లు రావడం మానేశారు.

ఇంతసేపూ తెర మీద పైమూలన పసుపుపచ్చ మెరుపు గుర్తు ఒకటి వచ్చి పోతూనే ఉంది. ఫోనులో మెరుపు గుర్తు కనిపిస్తే ఛార్జింగ్ ఎక్కుతున్నట్టు కదా, ఇదీ అదే అనుకున్నాం. కరెంటు బాగా అందుతోందని సంతోషపడ్డాం కూడా. ఆ బోర్డులో దాని అర్థం పూర్తిగా తలకిందులు. "నాకు అందాల్సిన వోల్టేజి అందడం లేదు" అని అది మొత్తుకోవడం. 5 వోల్టులు ఉండాల్సిన చోట దాదాపు 4.63 కంటే కిందికి దిగితే ఆ గుర్తు వస్తుంది. బోర్డు మీది ఎర్ర దీపం కూడా అదే సమయంలో ఆరిపోతుంది, లేదా మినుకుమంటుంది. రెండూ మా కండ్ల ముందే జరిగాయి. చూసి కూడా చూడలేదు.

మళ్లీ పిలిస్తే పెద్ద మనసుతో వచ్చిన ఆ పిల్లల్లో ఒక అమ్మాయి అయిదు నిమిషాల్లో విషయం పట్టుకుంది. వీసీజెన్‌సీఎండీ అనే ఆదేశం ఒకటి ఉంది. దాని పక్కన ఖాళీ వదిలి గెట్ అండర్‌స్కోర్ థ్రాటిల్డ్ అని కొడితే బోర్డు తన ఆరోగ్యం తానే చెప్తుంది. సున్నా వస్తే బాగున్నట్టు. మాకు 50005 వచ్చింది. చివరి 5 అంటే ఈ క్షణంలో వోల్టేజి తక్కువగా ఉంది, అందువల్ల బోర్డు తన వేగం తగ్గించుకుంది అని. మొదటి 5 అంటే ఆన్ చేసినప్పటి నుంచి ఎప్పుడో ఒకప్పుడు అలా జరిగింది అని. డిస్కు తీసేస్తే 50000 అయింది. అంటే ఇప్పుడు బాగుంది, ఇందాక బాగాలేదు. ఇంతకంటే తేటగా యంత్రం ఏం చెప్పగలదు?

"మరి మన ఛార్జర్ 33 వాట్లది కదన్నా, ఇంకా చాలకపోవడమేంది?" అని కార్యవర్గంలోనే ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఛార్జర్ మీది సన్నక్షరాలు చదివితే జవాబు దొరికింది. ఆ 33 వాట్లు, ఫోనూ ఛార్జరూ మాట్లాడుకుని ఎక్కువ వోల్టేజికి ఒప్పుకున్నప్పుడు వచ్చేవి. ఈ బోర్డు అలాంటి బేరం ఆడదు. దానికి కావాల్సింది 5 వోల్టులే. 5 వోల్టుల దగ్గర మన ఛార్జర్ ఇచ్చేది 2 యాంపియర్లు. ఈ బోర్డుకు తయారీదారు చెప్పింది 3. పెద్ద అంకె చూసి మోసపోయాం, చిన్న అంకె చదవలేదు.

రెండో దొంగ వైరు. ఎవరింట్లోనో మిగిలిన సన్నటి పొడుగు వైరు తెచ్చి పెట్టాం. లెక్క చాలా సులువు. వైరులో పోనూ రానూ కలిపి పావు ఓము నిరోధం ఉందనుకుందాం. ఒక యాంపియర్ పారితే పావు వోల్టు వైరులోనే పోతుంది. బోర్డుకు 4.75 చేరుతుంది, పని నడుస్తుంది. డిస్కు కూడా మొదలై రెండు యాంపియర్లు పారితే అర వోల్టు పోతుంది. బోర్డుకు చేరేది 4.5. మెరుపు గుర్తు వస్తుంది. అందుకే డిస్కు లేనప్పుడు బాగుండి, పెట్టగానే చెడింది. అదే వైరుతో ఫోను బాగానే ఛార్జ్ అవుతుంది కదా అంటారు. అవుతుంది, కొంచెం నిదానంగా. ఫోనులో బ్యాటరీ ఉంది, ఓర్చుకుంటుంది. బోర్డుకు దాచుకున్న తిండి లేదు. ఏ క్షణం తిండి ఆ క్షణమే.

ఇది మనవాళ్లకు కొత్త విషయం కాదు, అదే మాకు సిగ్గు. పవర్‌లూమ్ పక్కన పుట్టి పెరిగినవాళ్లం. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు నడిచేటప్పటి కంటే ఎక్కువ కరెంటు లాగుతుందని, షెడ్డులో బల్బులు ఒక్కసారి మసకబారుతాయని చిన్నపిల్లలకూ తెలుసు. హార్డ్ డిస్కు లోపల ఉన్నదీ ఒక చిన్న మోటారే. తిరగడం మొదలుపెట్టే ఆ రెండు మూడు సెకన్లలో అది ఒక యాంపియర్ దాకా లాగవచ్చు. మన బల్బు మసకబారినట్టే ఇక్కడ బోర్డు మసకబారింది. మగ్గం ఆగితే జాబర్ వచ్చి మొదట ఏం చూస్తాడు? మోటారుకు మూడు ఫేజులూ వస్తున్నాయా అని చూస్తాడు. మగ్గం మార్చమని చెప్పడు, నేసేవాణ్ణి తిట్టడు. ఆ బుద్ధి గ్రంథాలయం గదిలోకి వచ్చేసరికి ఎక్కడికి పోయింది?

ఇక స్టెబిలైజర్ కొనాలన్న ప్రతిపాదన. దానికి చందా కూడా రాయబోయారు. దయచేసి ఆపండి. అడాప్టర్ మీద ఇన్‌పుట్ 100 నుంచి 240 వోల్టులు అని ఉంటుంది. మన గోడ సాకెట్‌లో 190 వచ్చినా, 230 వచ్చినా అది ఇచ్చేది 5 వోల్టులే. జబ్బు గోడ వైపు లేదు, బోర్డు వైపు ఉంది. కరెంటు పూర్తిగా పోవడం వేరే సమస్య. దానికి చిన్న యూపీఎస్ కావాలి. ఆ ఖర్చుకు మేము వ్యతిరేకం కాదు. కానీ రెండు జబ్బులకు ఒక్కటే మందు అనుకోవద్దు.

మంచి అడాప్టర్ వచ్చినా ఇంకొక హద్దు ఉంది. పై 4 బోర్డులో నాలుగు యూఎస్‌బీ రంధ్రాలూ కలిపి ఇవ్వగలిగేది 1.2 యాంపియర్లే. డిస్కూ మైకూ కీబోర్డూ అన్నీ అందులోనే పంచుకోవాలి. అందుకే డిస్కును సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మీద పెట్టాం. హబ్ కొనేటప్పుడు ఒక పరీక్ష చేయండి. బోర్డు అడాప్టర్ తీసేసి, హబ్‌ను మాత్రం కలిపి ఉంచండి. అప్పుడు కూడా బోర్డు దీపం వెలిగితే ఆ హబ్ కరెంటును వెనక్కి తోస్తోందన్న మాట. అది వద్దు, తిరిగి ఇచ్చేయండి. మన సభ్యుల్లో పై 5 కొన్నవాళ్లకు ఇంకొక మాట. దానికి 5 యాంపియర్ల అడాప్టర్ చెప్పారు. 3 యాంపియర్లది పెడితే అది యూఎస్‌బీ మొత్తానికి 0.6 యాంపియరే ఇస్తుంది, 5ది పెడితే 1.6 ఇస్తుంది. పాత అడాప్టర్ దాచుకుని కొత్త బోర్డుకు పెడితే మా కథే మీకూ.

పరీక్షించే వరుస కూడా రాసి గోడకు అంటించాం. అన్నీ తీసేసి బోర్డు ఒక్కటే ఆన్ చేయాలి. ఆ ఆదేశం కొట్టి సున్నా వచ్చిందా చూడాలి. తర్వాత ఒక్కొక్కటే తగిలించి ప్రతిసారీ చూడాలి. ఒకసారి అంకె మారితే మళ్లీ ఆఫ్ చేసి ఆన్ చేసేదాకా ఆ మచ్చ ఉండిపోతుంది కాబట్టి, మచ్చ పడిన ప్రతిసారీ కొత్తగా మొదలుపెట్టాలి. ఏది తగిలిస్తే మారిందో దాని దగ్గర ఆగాలి. ముందు వైరు మార్చి చూడాలి, తర్వాత అడాప్టర్, తర్వాత హబ్. మెమరీ కార్డూ సాఫ్ట్‌వేరూ అన్నిటికంటే చివర.

ఇప్పుడు అసలు నష్టం. దసరాకు ముందు మా వాడలో ఒక పెద్దమ్మ రెండు గంటలు కూర్చుని, కండెలు చుట్టుకుంటూ ఆడవాళ్లు పాడుకునే పాటలు పాడి వినిపించింది. ఫోనులో రికార్డు చేసి డిస్కులోకి కాపీ చేశాం. ఫైలు పేరు కనబడింది. కాపీ అయిందనుకుని, ఫోనులో జాగా లేదని అక్కడ తీసేశాం. డిస్కు మధ్యలో మాయమై తిరిగి వచ్చిన రోజు అది. తర్వాత తెరిచి చూస్తే పేరు ఉంది, లోపల ఏమీ లేదు. మళ్లీ పాడించుకుందాంలే అనుకున్నాం. పండుగ తర్వాత ఆమె కాలం చేసింది. ఆ ఇంటివాళ్లు "మా నాయనమ్మ పాట ఉంటే ఇయ్యరాదు" అని అడిగారు. ఏం చెప్పాలి? వైరు సన్నగా ఉందని చెప్పాలా?

"ఇదంతా ఎందుకు, పాత ల్యాప్‌టాప్ ఒకటి కొంటే సరిపోయేది కదా" అని కొందరు అంటున్నారు. ఆ మాటలో నిజం ఉంది. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉంటుంది, వోల్టేజి తిప్పలు తక్కువ. కానీ కాపీ సరిగ్గా అయిందో లేదో తెరిచి చూడకుండా అసలు చెరిపేసే అలవాటును ఏ ల్యాప్‌టాప్ మాన్పుతుంది? ఆ అలవాటు మాది.

మా అభిప్రాయం సూటిగా చెప్తాం. మన సంఘం వస్తువులు ఇవ్వడానికి ముందుకొస్తుంది, వాటిని బతికించడానికి రాదు. కంప్యూటర్ ఇస్తే దాత పేరు బోర్డు మీద రాస్తాం, ఫోటో దిగుతాం. అడాప్టర్ మీద ఎవరి పేరు రాస్తాం? అందుకే అది ఎవరింట్లోనో మిగిలిన పాత ఛార్జర్‌తో నెట్టుకొస్తాం. మంచి అడాప్టర్ ధర మనం ఒక్కో పండుగకు కట్టే ఫ్లెక్సీల ఖర్చులో చిన్న వంతు. సంగీతం పెట్టె, మైకు సెట్టు, నీళ్ల మోటారు, చివరికి తెలుగు బడి కూడా ఇదే రోగంతో ఆగిపోయాయి. బడి ప్రారంభోత్సవానికి నిండుగా జనం వచ్చారు, టీచరమ్మ ఆటో ఖర్చుకు మాత్రం ఎవరూ రాలేదు.

అందుకే వచ్చే సర్వసభ్య సమావేశంలో మేము మూడు తీర్మానాలు పెడతాం. ఏ వస్తువు విరాళంగా వచ్చినా దాని అడాప్టరూ వైరూ నిర్వహణ ఖర్చూ కలిపే స్వీకరించాలి. ప్రతి రికార్డింగు రెండు డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇండ్లలో ఉండాలి, రెండూ తెరిచి విన్న తర్వాతే ఫోనులోది తీయాలి. మూడోది డబ్బుతో పని లేనిది. ఆ ఇద్దరు పిల్లలకు సభలో అందరి ముందు క్షమాపణ చెప్పాలి. మేము మొదట చెప్తాం.

కొత్త అడాప్టర్, హబ్ పెట్టి మూడు వారాలయింది. ప్రతి ఆదివారం ఆ ఆదేశం కొట్టి చూస్తున్నాం, సున్నానే వస్తోంది. రికార్డింగులు మళ్లీ మొదలయ్యాయి. మీ ఇంట్లో ఎనభై దాటిన పెద్దలు ఉంటే ఈ ఆదివారమే చెప్పండి, మేమే మీ ఇంటికి వస్తాం. వచ్చే నెల అనకండి.

గ్రంథాలయ కమిటీ తరఫున.